సేవామూర్తి డాక్టర్ మేరీ వర్గీస్

తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల ప్రజలకు రాయవేలూరు కొత్త ఊరు కాదు. ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేసి, స్థానిక వైద్యంతో గుణం కనిపించకపోతే, వేలూరు పెద్దాసుపత్రికి తీసుకొని పోవడం ఇక్కడి కుటుంబాలలో తాతల కాలం నుంచీ ఉన్న అలవాటు. అరక్కోణం, కాట్పాడి మీదుగా రైలులో కొందరు, షోలింగూరు మీదుగా బస్సులో కొందరు అక్కడికి చేరుకుంటారు. ఆ ఆసుపత్రి వరండాలలో తమిళంతో పాటు తెలుగు కూడా నిత్యమూ వినిపిస్తుంది.

ఆ ఆసుపత్రిని 1900వ సంవత్సరంలో ఐడా స్కడర్ అనే అమెరికన్ వైద్యురాలు ఒకే ఒక్క మంచంతో ప్రారంభించింది. రాణిపేటలో పుట్టిన ఆమె, 1918లో స్త్రీల కోసం వైద్య పాఠశాలను కూడా నెలకొల్పింది. అదే కాలక్రమంలో క్రైస్తవ వైద్య కళాశాలగా ఎదిగింది. ఆ కళాశాలలో చదివి, అక్కడే రోగులకు సేవ చేసిన గొప్ప వైద్యులు ఎందరో ఉన్నారు. వారిలో డాక్టర్ మేరీ వర్గీస్‌కు ఒక ప్రత్యేక స్థానం ఉంది. తన కాళ్ళు చచ్చుబడిపోయినా, చక్రాల కుర్చీలో కూర్చొని ఎందరినో తమ బతుకులో మళ్ళీ నిలబెట్టిన ధీరురాలు ఆమె.

మేరీ వర్గీస్ 1925లో కేరళలోని కొచ్చిన్ ప్రాంతంలో ఒక క్రైస్తవ కుటుంబంలో జన్మించింది. ఆ రోజుల్లో ఆడపిల్లలు ఉన్నత విద్యకు దూర ప్రాంతాలకు వెళ్ళడం అరుదు. అయినా ఆమె డాక్టరు కావాలనే కోరికతో వేలూరు వచ్చి వైద్య కళాశాలలో చేరింది. చదువు పూర్తి చేసుకొని, స్త్రీల వ్యాధులు, ప్రసూతి వైద్యంలో నైపుణ్యం సంపాదించాలని అదే ఆసుపత్రిలో శిక్షణ పొందసాగింది. చేతిలో విద్య ఉంది. ముందు ఎంతో జీవితం ఉంది. ఆమె భవిష్యత్తు పూలబాటలాగా కనిపించింది.

కాని విధి మరొక విధంగా ఉంది. 1954 జనవరి నెలలో ఒకనాడు ఆమె తోటి వైద్యులతో కలిసి విహారయాత్రకు బయలుదేరింది. దారిలో వారి వాహనం ప్రమాదానికి గురైంది. మేరీ తీవ్రంగా గాయపడింది. ముఖానికి లోతైన గాయాలయ్యాయి. వాటికంటె పెద్ద దెబ్బ వెన్నెముకకు తగిలింది. స్పృహ వచ్చేసరికి నడుము కింది భాగంలో కదలిక లేదు, స్పర్శ లేదు. అప్పటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళు.

వెన్నెముక లోపల వెన్నుపాము ఉంటుంది. మెదడు ఇచ్చే ఆజ్ఞలు దాని ద్వారానే కాలుచేతులకు చేరుతాయి. చర్మానికి తగిలిన వేడి, చలి, నొప్పి కూడా దాని ద్వారానే మెదడుకు తెలుస్తాయి. వెన్నుపాము తెగితే ఈ రాకపోకలు ఆగిపోతాయి. తెగిన వెన్నుపామును మళ్ళీ అతికించే వైద్యం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అందువల్ల మేరీ వర్గీస్ కాళ్ళు ఇక జీవితాంతం ఆమె మాట వినవని తేలిపోయింది.

ఆ కాలంలో ఇటువంటి గాయం తగిలిన వారు ఎక్కువ కాలం బతికేవారు కాదు. గాయం కంటె, దాని వెంట వచ్చే బాధలే వారిని బలి తీసుకొనేవి. స్పర్శ లేని శరీరం ఒకే వైపు పడి ఉంటే రక్తం ఆడక పడకపుండ్లు పడతాయి. అవి ఎముక దాకా లోతుగా పోతాయి. మూత్రాశయం పట్టు తప్పి మూత్రపిండాలు చెడిపోతాయి. వీటిని తట్టుకొన్నవారు కూడా మంచం పట్టి, ఇంటివారికి బరువయ్యామన్న దిగులుతో కృశించిపోయేవారు. డాక్టరు అయిన మేరీకి ఈ సంగతులన్నీ తెలుసు. ఆమెకు పలుమార్లు శస్త్రచికిత్సలు జరిగాయి. నెలల తరబడి మంచం మీదనే ఉండవలసి వచ్చింది. ఎన్నో రోజులు నిరాశతో కుమిలిపోయింది.

ఆ సమయంలో ఆమెకు కొత్త దారి చూపినవాడు డాక్టర్ పాల్ బ్రాండ్. ఆయన తల్లిదండ్రులు ఇంగ్లండు దేశస్థులు. ఆయన మాత్రం 1914లో తమిళనాడులోని కొల్లిమలై కొండలలో పుట్టాడు. ఎముకల శస్త్రవైద్యుడై 1946లో వేలూరుకు వచ్చాడు. ఉత్తర ఆర్కాటు ప్రాంతంలో అప్పుడు కుష్ఠువ్యాధి ఎక్కువగా ఉండేది. ఆ వ్యాధి సోకినవారిని ఊరివారు దగ్గరకు రానిచ్చేవారు కాదు. వేళ్ళు కుళ్ళి రాలిపోతాయని అందరూ నమ్మేవారు. బ్రాండ్ ఆ నమ్మకం తప్పని కనుగొన్నాడు. వ్యాధి వల్ల నరాలు దెబ్బతిని స్పర్శ పోతుంది. నొప్పి తెలియక కాలిన చోట, కోసుకొన్న చోట రోగి జాగ్రత్త పడడు. అందువల్లనే పుండ్లు పడి వేళ్ళు నాశనమవుతాయి. కొన్ని కండరాలు బలం కోల్పోవడంతో వేళ్ళు గద్దగోళ్ళలాగా లోపలికి ముడుచుకొనిపోతాయి. మంచి కండరపు తాడును ఒకచోటి నుంచి తీసి మరొకచోట అతికిస్తే, ముడుచుకొన్న వేళ్ళు మళ్ళీ తెరుచుకొంటాయని బ్రాండ్ నిరూపించాడు.

చేతికి చేసే ఈ శస్త్రచికిత్సను వైద్యుడు బల్ల ముందు కూర్చొని చేయవచ్చు. నిలబడవలసిన పని లేదు. కావలసింది నిలకడగల చేతులు, చురుకైన కళ్ళు, ఓర్పు. ఈ మూడూ మేరీకి ఉన్నాయని బ్రాండ్ గ్రహించాడు. కాళ్ళు లేకపోయినా శస్త్రవైద్యురాలు కావచ్చునని ఆమెకు నచ్చచెప్పాడు. మొదట ఆమెకు అది సాధ్యమని తోచలేదు. చక్రాల కుర్చీలో శస్త్రచికిత్స గదిలోకి వెళ్ళిన వైద్యురాలిని అంతకు ముందు అక్కడ ఎవరూ చూసి ఉండలేదు. చివరకు ఆమె ఒప్పుకొంది. చక్రాల కుర్చీలో కూర్చొని కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్స చేయడం నేర్చుకొంది. పోయిన కాళ్ళ కోసం దుఃఖించడం మాని, మిగిలిన చేతులతో పని మొదలుపెట్టింది.

ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. ఇతర వైద్యుల ముందు తల దించుకొని కూర్చొనే రోగులు ఈ వైద్యురాలిని చూసి తల ఎత్తారు. ముఖాన మచ్చతో, కదలని కాళ్ళతో ఉన్న ఆమె తమ చేతిని తన చేతిలోకి తీసుకొన్నప్పుడు వారికి ధైర్యం కలిగింది. లోకం వెలివేసిన వారికి తమ కష్టం తెలిసిన మనిషి దొరికింది. ఆమె శరీరంలోని లోపమే ఆమె వైద్యానికి బలమయింది. కుష్ఠువ్యాధి నేడు మందులతో పూర్తిగా నయమవుతుంది. ఆ రోజుల్లో అటువంటి రోగులను తాకడమే ఒక సాహసం.

కాని మేరీకి ఇంతటితో తృప్తి కలుగలేదు. ఇంకా ఇతరుల సాయం లేనిదే ఆమె మంచం దిగలేదు, కుర్చీ ఎక్కలేదు. అందుచేత చికిత్స కోసం ఆస్ట్రేలియాలోని పెర్తు నగరానికి వెళ్ళింది. వెన్నెముక గాయాలకు అక్కడ ప్రత్యేక చికిత్స లభించేది. భుజాలకు, చేతులకు బలం కలిగించే వ్యాయామాలు, మంచం మీది నుంచి కుర్చీలోకి తానే మారే ఉపాయాలు, తన పనులు తాను చేసుకొనే పద్ధతులు అక్కడ నేర్పేవారు. చేతికందిన స్వాతంత్ర్యం ఎంత విలువైనదో మేరీకి అక్కడ తెలిసింది. అదే సమయంలో స్వదేశంలో మంచం పట్టి ఉన్న వేలాది మంది ఆమె మనసులో మెదిలారు. వారికి ఇటువంటి వసతి ఎక్కడుంది? ఈ ప్రశ్న ఆమె జీవితాన్ని మరొక మలుపు తిప్పింది.

రోగాన్ని నయం చేయడంతో వైద్యం ముగియదని, రోగిని తిరిగి బతుకులో నిలబెట్టినప్పుడే అది పూర్తవుతుందని కొందరు వైద్యులు రెండవ ప్రపంచ యుద్ధకాలంలో చాటారు. దీనికే పునరావాస వైద్యం అని పేరు. ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గట్‌మన్ 1944లో వెన్నెముక గాయాల విభాగాన్ని ప్రారంభించాడు. హిట్లరు పాలనలో బాధలు పడి జర్మనీ నుంచి తప్పించుకొని వచ్చిన వైద్యుడాయన. రెండు గంటలకొకసారి రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టే నియమంతో పడకపుండ్లను అరికట్టాడు. రోగులను ఆటలలోకి దించాడు. 1948 జూలై 29న పదహారు మంది చక్రాల కుర్చీలలో కూర్చొని విలువిద్యలో పోటీపడ్డారు. ఆ చిన్న పోటీయే పెరిగి పెరిగి 1960లో రోము నగరంలో 23 దేశాల క్రీడోత్సవమయింది. నేటి పారాలింపిక్ క్రీడలకు అదే నాంది. అమెరికాలో హోవర్డ్ రస్క్ అనే వైద్యుడు గాయపడిన సైనికులతో ఇటువంటి కృషినే చేసి, న్యూయార్కులో పునరావాస వైద్య సంస్థను నెలకొల్పాడు.

మేరీ వర్గీస్ ఆ న్యూయార్కు సంస్థలో చేరింది. చక్రాల కుర్చీలో ఉన్న భారతీయ స్త్రీ, మంచు కురిసే ఆ మహానగరంలో ఒంటరిగా నివసిస్తూ, ఒక కొత్త వైద్యశాస్త్రాన్ని అభ్యసించడం సామాన్యమైన విషయం కాదు. అక్కడ శిక్షణ పొంది ఆమె వేలూరుకు తిరిగి వచ్చింది. పెద్ద దేశాలలో ఉద్యోగం చేసుకొంటూ సుఖంగా ఉండే అవకాశాన్ని ఆమె కోరుకోలేదు.

1963లో వేలూరు వైద్య కళాశాలలో భౌతిక, పునరావాస వైద్య విభాగానికి ఆమె అధిపతి అయింది. రోగులను చేర్చుకొని పునరావాసం కల్పించే వసతితో కూడిన ఇటువంటి విభాగం మన దేశంలో అదే మొదటిది. 1966లో వేలూరు శివార్లలోని బాగాయంలో పునరావాస సంస్థ వెలసింది. చుట్టూ కొండలు కనిపించే ఆ ప్రదేశం రోగులకు ఆసుపత్రిలాగా కాక ఒక శిక్షణాలయంలాగా ఉపయోగపడింది.

అక్కడికి వచ్చేవారు ఎవరు? కొబ్బరిచెట్టు మీది నుంచో తాటిచెట్టు మీది నుంచో జారిపడినవారు, బావి తవ్వుతూ పడిపోయినవారు, బరువు మీదపడి నడుము విరిగినవారు, రోడ్డు ప్రమాదాలలో చిక్కుకొన్నవారు. చాలామంది ఇంటి బరువు మోసే యువకులు. అటువంటి మనిషి పడిపోతే ఇల్లంతా కూలిపోయినట్లే. కాళ్ళు మళ్ళీ వస్తాయన్న ఆశతోనే వారిలో ఎక్కువమంది వస్తారు. అవి రావని చెప్పడం వైద్యులకు కఠినమైన పని. నడవగల వైద్యుడు ఆ మాట చెబితే రోగికి అది శిక్షలాగా తోస్తుంది. చక్రాల కుర్చీలో ఉన్న మేరీ వర్గీస్ చెప్పినప్పుడు ఆ మాటకు అర్థమే మారిపోయింది. కాళ్ళు పోయినా జీవితం పోలేదనడానికి వారి ఎదుట ఉన్న ఆమే నిదర్శనం.

పునరావాస వైద్యంలో మందులకంటె సాధన ముఖ్యం. రోగి ముందుగా తన శరీరాన్ని కాపాడుకోవడం నేర్చుకొంటాడు. తరువాత చేతుల బలం పెంచుకొంటాడు. కాళ్ళకు కాలిపర్సు అనే లోహపు ఆధారాలు బిగించుకొని, చంకకర్రల సాయంతో అడుగు వేయగలిగేవారు అడుగు వేస్తారు. వేయలేనివారు చక్రాల కుర్చీని నడపడంలో ఆరితేరుతారు. వంట చేయడం, బట్టలు ఉతుక్కోవడం, కూర్చొని చేయదగిన చేతిపని నేర్చుకొని నాలుగు డబ్బులు సంపాదించడం ఇవన్నీ అందులో భాగాలే. రోగి కుటుంబానికి కూడా ఇందులో పాఠాలు ఉంటాయి. అన్నీ తామే చేసిపెట్టే ప్రేమ కంటె, అతని పని అతనిని చేసుకోనిచ్చే ప్రేమ గొప్పదని వారు తెలుసుకోవాలి.

ఇంత శిక్షణ పొంది ఇంటికి వెళ్ళిన మనిషికి మొదటి అడ్డంకి ఎక్కడ ఎదురవుతుంది? తన ఇంటి గడపలోనే. ఎత్తైన గడప, ఇరుకైన తలుపు, వీధి అరుగుకు ఉన్న నాలుగు మెట్లు అతనిని ఆపివేస్తాయి. ఆ మెట్ల పక్కన వాలుగా ఒక దారి కడితే అతడు ఎవరి సాయమూ లేకుండా లోపలికీ బయటికీ తిరుగుతాడు. ఒక అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవు ఉండేలా వాలు కట్టాలి. అంతకంటె నిటారుగా ఉంటే కుర్చీని చేతులతో నెట్టుకోవడం కష్టం. దిగేటప్పుడు ప్రమాదం. అంటే, మనిషిని వికలాంగుడిగా చేసేది అతని శరీరం మాత్రమే కాదు. ఇతరులు ఆలోచించకుండా కట్టిన మెట్లు కూడా.

మన ప్రాంతంలో కొండగుళ్ళు ఎక్కువ. తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి కొండకు 365 మెట్లు ఉన్నాయి. సంవత్సరంలోని ఒక్కొక్క రోజుకు ఒక్కొక్క మెట్టు అని పెద్దలు చెబుతారు. వాహనాలు కొండ మీదికి పోవడానికి రోడ్డు కూడా ఉంది. షోలింగూరు నరసింహస్వామి కొండకు 1,305 మెట్లు. తరతరాలుగా కాళ్ళు లేనివారు, ముసలివారు డోలీలో ఎక్కవలసి వచ్చేది, లేదా కింది నుంచే దండం పెట్టుకొని వెళ్ళిపోవలసి వచ్చేది. 2024లో అక్కడ తాడు మీద నడిచే రోప్‌కారు ఏర్పడింది. పళని కొండకు అంతకు చాలా ముందే ఇటువంటి సౌకర్యం వచ్చింది. కొండ ఎత్తు తగ్గలేదు. దారి మాత్రం మారింది.

ఇతర దేశాలలో మంచు కొండల మీద కూడా ఈ మార్పు వచ్చింది. పాదాలకు పొడవాటి పలకలు కట్టుకొని మంచుమీద జారే ఆటను స్కీయింగ్ అంటారు. అది కాళ్ళున్న వారి ఆట అని లోకం అనుకొనేది. 1976లో స్వీడన్‌లోని ఓర్న్‌షోల్డ్స్‌విక్ పట్టణంలో వికలాంగులకు మొదటి శీతాకాల పారాలింపిక్ క్రీడలు జరిగాయి. అక్కడ చేయి గాని కాలు గాని కోల్పోయినవారు, చూపు లేనివారు మంచుమీద పోటీపడ్డారు. కూర్చొని మంచుమీద జారే పోటీలు 1988లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ క్రీడలతో మొదలయ్యాయి. ఒకే పలక మీద స్ప్రింగుతో కూడిన ఆసనం బిగించి, చివర చిన్న పలకలున్న రెండు చేతికర్రలతో దారి తిప్పుకొంటూ, కాళ్ళు చచ్చుబడినవారు కొండ వాలున గాలిలాగా దిగివస్తారు. అయితే ఆసనం ఒక్కటే చాలదు. కొండ మీదికి చేర్చే యంత్రపు కుర్చీ వారిని ఎక్కించుకోవడానికి నెమ్మదించాలి. విడిది గృహాల తలుపులు వెడల్పుగా ఉండాలి. సాయపడేవారు శిక్షణ పొంది ఉండాలి. అప్పుడే ఆ కొండ అందరి కొండ అవుతుంది. వేలూరులో ఒక ఇంటి గడపకైనా, ఆల్ప్స్ పర్వతాలలో ఒక విడిదికైనా సూత్రం ఒక్కటే.

మన దేశంలో వికలాంగుల హక్కుల కోసం 1995లో మొదటి చట్టం వచ్చింది. దాని స్థానంలో 2016లో మరింత విస్తృతమైన చట్టం వచ్చింది. పాఠశాలలు, కార్యాలయాలు, ఆసుపత్రులు, బస్సులు, రైళ్ళు వారికి అందుబాటులో ఉండాలని ఈ చట్టం ఆదేశిస్తుంది. ఇవేవీ లేని రోజుల్లోనే మేరీ వర్గీస్ తన పని మొదలుపెట్టింది. చట్టం రాకముందే ధర్మాన్ని ఆచరించింది.

ఆమె సేవలను గుర్తించి భారత ప్రభుత్వం 1972లో పద్మశ్రీ బిరుదుతో సత్కరించింది. అంతకు ముందే, 1963లో, డొరొతీ క్లార్క్ విల్సన్ అనే అమెరికన్ రచయిత్రి ఆమె జీవితాన్ని గ్రంథంగా రచించింది. ఆ గ్రంథం ద్వారా ఆమె పేరు దేశదేశాలకు తెలిసింది. ఎంత పేరు వచ్చినా ఆమె బాధలు మాత్రం ఆమెను విడిచిపెట్టలేదు. ప్రమాదం నాటి గాయం ఫలితాలను ముప్పై ఏళ్ళకు పైగా ఓర్పుతో భరిస్తూనే పనిచేసింది. 1986లో ఆమె కన్నుమూసింది.

ఆమె నాటిన మొక్క నేడు మహావృక్షమయింది. బాగాయంలోని సంస్థకు దక్షిణాది నుంచే కాక దేశం నలుమూలల నుంచి రోగులు వస్తున్నారు. అక్కడ శిక్షణ పొందిన వైద్యులు అనేక రాష్ట్రాలలో ఈ వైద్యాన్ని వ్యాప్తి చేశారు. ఇళ్ళకు వెళ్ళిపోయిన పాత రోగులు తిరిగి ఒకచోట కలుసుకొనే పునరావాస మేళా అక్కడి ఆనవాయితీ. చక్రాల కుర్చీలలో పందాలు, ఆటలు, పాటలతో ఆ ప్రాంగణం తిరునాళ్ళలాగా కళకళలాడుతుంది. ఒకప్పుడు బతుకు ముగిసిందనుకొన్నవారు తమ అంగడి గురించి, తమ పంట గురించి, తమ పిల్లల చదువు గురించి అక్కడ చెప్పుకొంటారు.

కష్టం రాని మనిషి ఉండడు. కష్టం వచ్చినప్పుడు పోయినదానిని తలచుకొని కుమిలిపోవడం సహజం. మిగిలినదానిని గుర్తించి, దానితో తనకూ పరులకూ మేలు చేయడం మహనీయుల లక్షణం. మేరీ వర్గీస్ జీవితం ఈ సత్యాన్ని మనకు బోధిస్తుంది. వికలాంగులను చూసి జాలిపడడం తేలిక. వారికి దారి ఇవ్వడం మన బాధ్యత. మీ తరగతిలో, మీ వీధిలో అటువంటి మిత్రుడు ఉంటే అతడు ఎక్కడెక్కడ ఆగిపోతున్నాడో గమనించండి. ఆ చోట ఒక వాలుదారి వేయించడం, ఒక తలుపు వెడల్పు చేయించడం, అతని తరగతిని కింది అంతస్తుకు మార్పించడం వంటి చిన్న పనులు పెద్దల సాయంతో చేయించవచ్చు. డాక్టర్ మేరీ వర్గీస్‌కు మనం అర్పించదగిన నిజమైన నివాళి అదే.